అలస్టర్ సిమ్ ‘స్క్రూజ్’ (1951): పిసినారి గుండె ఎప్పుడు గడ్డకట్టిందో చూపించిన సినిమా

ఎబినేజర్ స్క్రూజ్ కథ మీద లెక్కలేనన్ని సినిమాలు వచ్చాయి. వాటిలో ఒక్కటే చూసే తీరిక ఉందంటే 1951లో ఇంగ్లండ్‌లో తీసిన నలుపు తెలుపు ‘స్క్రూజ్’ చూడండి. నిడివి 86 నిమిషాలు. దర్శకుడు బ్రయన్ డెస్మండ్ హర్స్ట్, స్క్రీన్‌ప్లే నోయల్ లాంగ్లీ, స్క్రూజ్ వేషంలో అలస్టర్ సిమ్. వెతికేటప్పుడు పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. అమెరికాలో ఇదే సినిమాని ‘ఎ క్రిస్మస్ కేరల్’ అనే పేరుతో విడుదల చేశారు. అదే పేరుతో 1938లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం వాళ్లు తీసిన సినిమా వేరు. ‘స్క్రూజ్’ అనే పేరుతోనే 1970లో ఆల్బర్ట్ ఫిన్నీతో వచ్చిన రంగుల మ్యూజికల్ ఇంకా వేరు. కాబట్టి పేరు ఒక్కటే నమ్ముకోకుండా సంవత్సరం, హీరో ఎవరన్నది రెండూ చూసుకోవాలి.

కథ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. చార్లెస్ డికెన్స్ రాసిన ఈ చిన్న నవల 1843 డిసెంబర్ 19న పుస్తకంగా వచ్చింది. వేసిన 6000 కాపీలు క్రిస్మస్ ముందురోజుకల్లా అమ్ముడైపోయాయి. ఎంగిలి చేత్తో కాకిని తోలని లండన్ వ్యాపారి స్క్రూజ్. ఏడేళ్ల కిందట సరిగ్గా క్రిస్మస్ ముందురోజున చనిపోయిన అతని భాగస్వామి మార్లీ ఆ రాత్రి దెయ్యమై వచ్చి, నీ దగ్గరికి మూడు ఆత్మలు వస్తాయని చెబుతాడు. గడిచిన క్రిస్మస్, నేటి క్రిస్మస్, రాబోయే క్రిస్మస్. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు.

ఈ కథని తెరకెక్కించడంలో అసలు చిక్కంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఒక్క రాత్రిలో మనిషి మారిపోయాడంటే పుస్తకంలో డికెన్స్ గొంతు, ఆ మాటల జోరు మనల్ని తోసుకుపోతాయి. తెర మీద ఆ గొంతు ఉండదు. చాలా సినిమాల్లో స్క్రూజ్ దెయ్యాలకి భయపడి మారినట్టే ఉంటుంది. భయంతో వచ్చిన మార్పు భయం తగ్గగానే పోతుంది కదా అని చూసేవాడికి అనిపిస్తే సినిమా ఓడిపోయినట్టే. 1951 సినిమా ఈ చిక్కుని విప్పిన తీరు వేరు. మారడం సంగతి అలా ఉంచి, అసలు ఈ మనిషి ఇలా ఎప్పుడయ్యాడు, ఏ రోజు ఏ మాటతో అయ్యాడు అన్నది ముందు చూపించింది. అందుకే గడిచిన క్రిస్మస్ భాగం మిగతా సినిమాల్లో కన్నా ఇందులో చాలా పెద్దది. ఆ భాగంలో సగానికి పైగా పుస్తకంలో లేని సన్నివేశాలే. అయినా డికెన్స్‌కి ద్రోహం చేసినట్టు అనిపించదు. పుస్తకంలో ఒకటి రెండు వాక్యాల్లో దాటేసిన చోట్లలోకి లాంగ్లీ దిగి తవ్వాడు.

చెల్లెలి సంగతే చూడండి. పుస్తకంలో ఫ్యాన్ స్క్రూజ్ కన్నా బాగా చిన్నది. బడికి వచ్చి అన్నని ఇంటికి తీసుకుపోతుంది, పెద్దయ్యాక చనిపోయింది, ఆమె కొడుకే ఫ్రెడ్. అంతే చెప్పాడు డికెన్స్. సినిమాలో ఫ్యాన్ అక్క అయింది. స్క్రూజ్‌ని కని తల్లి చనిపోయింది, అందుకే తండ్రికి కొడుకంటే పడదు. తర్వాత ఫ్రెడ్‌ని కని ఫ్యాన్ చనిపోతుంది. తండ్రి తనని ఏ కారణానికి దూరం పెట్టాడో, స్క్రూజ్ మేనల్లుణ్ణి అదే కారణానికి దూరం పెడతాడు. వయసుల తారుమారు ఒక్కటీ చేసి ఇంత పని రాబట్టాడు లాంగ్లీ. సినిమా మొదట్లో ఫ్రెడ్ వచ్చి భోజనానికి పిలిచినప్పుడు స్క్రూజ్ ముఖం అలా ఎందుకు బిగుసుకుందో మనకి అప్పుడు తెలియదు. అరగంట తర్వాత తెలుస్తుంది.

ఫ్యాన్ చనిపోయే సీను ఈ సినిమాకి ఆయువుపట్టు. మంచం మీద ఫ్యాన్, పక్కన యువకుడైన స్క్రూజ్. ఆమె ప్రాణం పోయిందనుకుని అతను దుఃఖంతో, కోపంతో గది విడిచి వెళ్లిపోతాడు. ఆత్మతో పాటు ఒక పక్కన నిలబడి చూస్తున్న ముసలి స్క్రూజ్ మాత్రం అక్కడే ఉండిపోతాడు. అప్పుడు ఫ్యాన్ కళ్లు తెరిచి, నా బిడ్డని చూసుకుంటానని మాటివ్వు అంటుంది. ఆ మాట వినాల్సినవాడు గదిలో లేడు. విన్నది ఇన్నేళ్ల తర్వాత ఈ ముసలివాడు. సిమ్ ఇక్కడ గట్టిగా ఏడవడు. ముందు నోరు కొంచెం తెరుచుకుంటుంది, కళ్లు మంచం మీద నుంచి కదలవు, భుజాలు ఒక్కసారిగా కుంగిపోతాయి. ఆ తర్వాతే మన్నించమని వేడుకోవడం. తను వినకుండా పోయిన మాట ఒకటి ఉందని తెలియడమే అతనికి పడ్డ మొదటి దెబ్బ. రాబోయే క్రిస్మస్‌లో తన పేరున్న సమాధి రాయి చూడడం చాలా తర్వాత వస్తుంది. స్క్రూజ్ నిజంగా మారాడని ఈ సినిమాలో నమ్మబుద్ధి అవుతుందంటే కారణం ఈ రెండు నిమిషాలే.

రెండో పెద్ద చేర్పు జోర్కిన్ అనే వ్యాపారి. పుస్తకంలో ఈ మనిషే లేడు. జాక్ వార్నర్ వేశాడు, నవ్వు ముఖం, తేనె పూసిన మాట. ఇతను ముందు స్క్రూజ్ యజమాని ఫెజివిగ్ దగ్గరికి వచ్చి వ్యాపారం అమ్మేయమంటాడు. ఫెజివిగ్ ఒప్పుకోడు. జీవితమంతా ఒక వ్యాపారం నిలబెట్టేది డబ్బు కోసమే కాదు, మనం ఎరిగిన, ప్రేమించిన ఒక బతుకు తీరుని నిలుపుకోడానికి కూడా అన్నది అతని జవాబు. తర్వాత జోర్కిన్ ఎక్కువ జీతం చూపించి స్క్రూజ్‌ని లాక్కుంటాడు. ఆ ఆఫీసులోనే ఇంకో గుమాస్తా పరిచయమవుతాడు, పేరు జేకబ్ మార్లీ. కుర్ర మార్లీగా ప్యాట్రిక్ మెక్నీ. లోకం రోజురోజుకీ కఠినంగా తయారవుతోంది, బలహీనులతో పాటు నలిగిపోకుండా ఉండాలంటే మనమూ గట్టిపడాలి అంటాడు స్క్రూజ్. మనిద్దరికీ చాలా విషయాల్లో పొత్తు కుదిరేలా ఉందంటాడు మార్లీ. కొన్నేళ్లకి జోర్కిన్ కంపెనీ డబ్బు కాజేసి దొరికిపోతాడు. డైరెక్టర్లు పరువు పోతుందని వణుకుతుంటే ఈ ఇద్దరూ లోటు మేం పూడుస్తాం, బదులుగా కంపెనీ మీద పెత్తనం మాకివ్వండి అంటారు. ఎవరూ కేకలు వెయ్యరు, కత్తి దుయ్యరు. ఇద్దరు మర్యాదస్తులు చక్కటి కోట్లు వేసుకుని ఒక సంస్థని మింగేస్తారు.

ఇది చేర్చడం వల్ల ఏం ఒరిగిందంటే, స్క్రూజ్ పిసినారితనం వట్టి గుణదోషంగా మిగల్లేదు. మెట్టు మెట్టుగా పైకెక్కిన దారి ఒకటి కనిపిస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి తిరిగే వీలుంది, ప్రతిసారీ అతను తిరగలేదు. ఫెజివిగ్ ఆస్తి చేజారిపోయే రోజున స్క్రూజ్ ఒక్క క్షణం ఆగి చూస్తాడు. ఆగడం వరకే. డికెన్స్ చేత ఈ కథ రాయించిన కోపం కూడా ఇలాంటిదే. ఆయన 12 ఏళ్ల వయసులో తండ్రి అప్పుల వల్ల మార్షల్సీ జైలుకి వెళితే, తను బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకి కాగితాలు అతికించాడు. 1834లో వచ్చిన పేదల చట్టం కింద నడిచిన వర్క్‌హౌస్‌లు అనే పేదల గృహాలు కడుపు చేతపట్టుకుని వచ్చినవాళ్లని మొగుడు ఒక చోట, పెళ్లాం ఒక చోట, పిల్లలు ఒక చోటగా విడదీసేవి. చందాకి వచ్చిన పెద్దమనుషులతో స్క్రూజ్ ‘జైళ్లు లేవా? వర్క్‌హౌస్‌లు లేవా?’ అనే మాట ఆ చట్టం నోట వచ్చిన మాటే. తర్వాత నేటి క్రిస్మస్ ఆత్మ తన అంగీ కిందనుంచి అజ్ఞానం, లేమి అనే ఇద్దరు బక్కచిక్కిన పిల్లల్ని చూపించి, ఆ ప్రశ్ననే తిరిగి స్క్రూజ్ మీదకి వదులుతుంది. 1938 సినిమాలో ఈ ఇద్దరు పిల్లలూ లేరు, స్క్రూజ్ ప్రేమించిన అమ్మాయీ లేదు. 69 నిమిషాల్లో కులాసాగా అయిపోతుంది.

ఇక అలస్టర్ సిమ్. 1900లో ఎడింబరోలో పుట్టాడు, ఈ వేషం వేసేనాటికి యాభై ఏళ్లు. అప్పటికే ఇంగ్లండ్‌లో పేరున్న హాస్యనటుడు. పెద్ద కళ్లు, వాటి కింద సంచులు, నుదురు మీద పల్చటి జుట్టు, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టుండే గొంతు. ఈ పాత్రని చాలామంది అరుపులతో మొదలుపెడతారు. సిమ్ అరవడు, విసుక్కుంటాడు. అతని స్క్రూజ్‌కి లోకమంటే కోపం కన్నా ఎక్కువగా, లోకం నుంచి ఇక ఏమీ రాదని తేల్చుకున్నవాడి నీరసం ఉంటుంది. మొదట్లో ఒక చిన్న సీను ఉంది, కన్ను ఆర్పితే పోతుంది. పూటకూళ్లింట్లో భోజనం చేస్తూ ఇంకొంచెం రొట్టె తెమ్మంటాడు. దానికి అర పెన్నీ అదనం అంటాడు సర్వర్. స్క్రూజ్ ఒక్క క్షణం లెక్కేసుకుని, వద్దులే అంటాడు. అంతే సీను. ఆకలి ఉంది, డబ్బు ఉంది, రొట్టె ఉంది, కానీ తనకి తనే పెట్టుకోలేడు. ఎదుటివాళ్లకి పెట్టని పిసినారిని మనం చాలాచోట్ల చూశాం. తన నోటి దగ్గర ముద్దని తనే లాక్కునేవాణ్ణి ఇంత పొదుపుగా చూపించడం అరుదు.

డబ్బు లెక్కలు ఈ సినిమాలో ఊరికే రావు, కాబట్టి చూసేముందు పాత ఇంగ్లీషు నాణేల లెక్క గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది. 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండు, 21 షిల్లింగులు ఒక గినీ, రెండున్నర షిల్లింగులు అర క్రౌన్. పుస్తకం ప్రకారం గుమాస్తా బాబ్ క్రాచిట్ జీతం వారానికి 15 షిల్లింగులు. మొదటి సీన్లలో ఒక అప్పులవాడు స్క్రూజ్‌ని గడువు అడుగుతాడు, బాకీ 20 పౌండ్లు. అంటే 400 షిల్లింగులు, బాబ్ లాంటి గుమాస్తాకి దాదాపు 27 వారాల జీతం. అర పెన్నీ రొట్టె దగ్గర ఆగిపోయినవాడు ఆ బాకీ దగ్గర ఎంత రాయిలా ఉంటాడో ఊహించుకోవచ్చు. ఇదే సీన్లో ఒక చిన్న పొరపాటు దొర్లింది. ఆగస్టు బ్యాంక్ హాలిడే ఎండల్లో అయినా నువ్వు నాకు అంతే బాకీ కదా అంటాడు స్క్రూజ్. ఆగస్టు బ్యాంక్ హాలిడే 1871 చట్టంతో వచ్చింది, కథ జరిగేది 1840ల్లో. డైలాగ్ మాత్రం సిమ్ నోట్లో భలే పలుకుతుంది.

లెక్కలు తెలిస్తే ఎక్కువ రుచించే పాత్ర మిసెస్ డిల్బర్. క్యాథలీన్ హారిసన్ వేసింది. పుస్తకంలో డిల్బర్ అంటే ఓ చాకలామె, ఒక్కచోట మాత్రమే కనబడుతుంది. ఇల్లు ఊడ్చే పనిమనిషి వేరు. సినిమా ఈ ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిని చేసి, కథ పొడుగునా దారంలా నడిపింది. మార్లీ పోయిన రోజున అతని ఇంట్లో ఉన్నది ఈమే. మార్లీ చివరి ఘడియల్లో ఉన్నాడని కబురొస్తే స్క్రూజ్ ఆఫీసు మూసేవేళ దాకా కదలడు. తీరా వెళ్లేసరికి శవపేటికల వాడు కూడా వచ్చి కూర్చుని ఉంటాడు. మా వృత్తిలో పోటీ ఎక్కువండీ అంటాడు, ఎర్నెస్ట్ థెసిజర్ వేసిన పాత్ర. రాబోయే క్రిస్మస్ భాగంలో స్క్రూజ్ చచ్చిపోయాక అతని మంచం తెరల్ని రింగులతో సహా ఊడదీసి పాత సామాన్ల వాడికి అమ్ముకునేదీ ఈ డిల్బరే. తెల్లారి లేచి, తెరలు చిరగలేదు, రింగులు అక్కడే ఉన్నాయి అని స్క్రూజ్ తడుముకుంటుంటే ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదీ ఆమే. తన శవాన్ని దోచుకోబోయే మనిషిని ఎదురుగా పెట్టుకుని అతను ఏం చేస్తాడన్నది మొదటి పరీక్ష.

ఆ సీను పది నిమిషాల పాటు చూడాలనిపిస్తుంది. స్క్రూజ్ నాకేం తెలియదు, నాకెప్పుడూ ఏమీ తెలియదు, ఆ సంగతి ఇప్పుడు తెలిసింది అంటూ గంతులేస్తాడు. తల కిందులుగా నిలబడాలని ఉందంటాడు, కాళ్లు గాల్లోకి లేపుతాడు కూడా. డిల్బర్ కెవ్వున కేకేసి, ఏప్రాన్ తల మీదకి లాక్కుని మెట్ల మీద పరుగు తీస్తుంది. స్క్రూజ్ వెనకాల పడి ఆపి చేతిలో గినీ పెడతాడు. ఎందుకివ్వడం, నోరు మూసుకోమనా అన్నది ఆమెకొచ్చే మొదటి అనుమానం. జీతం ఎంతిస్తున్నానని అడుగుతాడు. వారానికి 2 షిల్లింగులు. దాన్ని 10 చేస్తాడు. అంటే ఆమె చేతిలో పడ్డ గినీ పది వారాల పైచిలుకు జీతం. అయ్యా, డాక్టర్ని పిలిపించమంటారా అని ఆమె అడగడంలో తప్పేమీ లేదు. మంచితనం మీద నమ్మకం లేకుండా చేసిన ఏళ్లన్నీ ఆమె భయంలో కనిపిస్తాయి. స్క్రూజ్‌కి తను చేసిన పాపం అద్దంలో కన్నా ఆ ముఖంలోనే బాగా తెలుస్తుంది.

అద్దం అంటే గుర్తొచ్చింది. ఆ ఉదయమే స్క్రూజ్ అద్దంలో చూసుకునే షాట్‌లో, యూనిట్‌లో పనిచేసే ఒకతని ముఖం ప్రతిబింబంలో దొరికిపోయింది. తెలిస్తే కనబడుతుంది, తెలియకపోతే దెయ్యమేమో అనుకుంటారు.

లోపాలు ఇంకొన్ని ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. కుర్ర స్క్రూజ్‌గా జార్జ్ కోల్ చక్కగా సరిపోయాడు. టీనేజ్‌లో ఉండగానే సిమ్ దంపతులు అతన్ని తమ ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు, నటనలో తీర్చిదిద్దారు. ఆ చూపు, ఆ మాట విరుపు సిమ్ నుంచి వచ్చినవే. కానీ బడి సీన్లో కూడా అతన్నే కూర్చోబెట్టారు. పాతికేళ్లు దాటిన మనిషి బడిపిల్లాడంటే కన్ను ఒప్పుకోదు. అక్క అని చెప్పిన ఫ్యాన్ కూడా అక్కలా కనబడదు. గడిచిన క్రిస్మస్ ఆత్మని డికెన్స్ కొవ్వొత్తి మంటలా వెలుగుతూ, పిల్లాడిలానూ ముసలివాడిలానూ ఉండే వింత రూపంగా రాశాడు. ఇక్కడ తెల్లటి దుస్తుల్లో ఒక పెద్దాయన వచ్చి నిలబడతాడు. రాబోయే క్రిస్మస్ ఆత్మ ముసుగూ చెయ్యీ తప్ప ఏమీ లేకపోయినా అంతకన్నా నయం. బాబ్ జబ్బు కొడుకు టైనీ టిమ్‌గా వేసిన పిల్లాడు బొద్దుగా ఆరోగ్యంగా ఉన్నాడనేది చాలామంది ఫిర్యాదు, నిజమే. అయితే బాబ్‌గా మెర్విన్ జాన్స్, అతని భార్యగా హర్మయొని బ్యాడ్లీ ఆ ఇంటిని నిలబెట్టేశారు. స్క్రూజ్ పేరు మీద గ్లాసు ఎత్తమని మొగుడు అంటే ఆమె ముఖం ముడుచుకునే తీరు గమనించండి.

మార్లీ దెయ్యం గురించి రెండభిప్రాయాలు ఉన్నాయి. మైకేల్ హోర్డర్న్ వేశాడు. దవడ కింద గుడ్డ కట్టు, ఒంటి నిండా గొలుసులు, ఆ గొలుసులకి డబ్బు పెట్టెలు. రెండు నెగెటివ్‌లు కలిపి తీసిన పాత కిటుకు కాబట్టి ఒంట్లోంచి వెనక గోడ కనిపిస్తుంది. ఇప్పటి గ్రాఫిక్స్‌కి అలవాటైన కంటికి అంచులు తెలిసిపోతాయి. పైగా అతని కేక రంగస్థలం మీద వేసే కేక. మితిమీరిందనేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం అది సరిగ్గా ఉండాల్సినంతే ఉందనిపిస్తుంది, ఎందుకంటే ఆ కేక భయపెట్టడానికి వేసింది కాదు, నొప్పితో వేసింది. ఆ వెంటనే కిటికీ బయట చూపిస్తారు. మంచులో బిడ్డని పొదువుకుని కూర్చున్న ఒక దిక్కులేని తల్లి, ఆమె చుట్టూ గాల్లో అల్లాడే ఆత్మలు. సాయం చెయ్యాలని చేతులు చాస్తాయి, అందవు. బతికి ఉండగా చెయ్యగలిగి చెయ్యనివాళ్లకి ఇప్పుడు చెయ్యాలని ఉన్నా చెయ్యలేకపోవడమే శిక్ష. పుస్తకంలో ఇది ఉంది, చాలా సినిమాలు వదిలేశాయి.

ఛాయాగ్రహణం సి.ఎం. పెనింగ్టన్ రిచర్డ్స్. స్క్రూజ్ ఇంటి మెట్ల దారి చూడండి. తెరలో సగానికి పైగా చీకటి, చేతిలో ఒక్క కొవ్వొత్తి, గోడ మీద మనిషిని మించిన నీడ. జార్జ్ మింటర్ సంస్థ రినౌన్ పిక్చర్స్ తరఫున వాల్టన్ ఆన్ థేమ్స్‌లోని నెటిల్‌ఫోల్డ్ స్టూడియోలో తీశారు. సెట్లు చిన్నవి, వీధులు ఇరుకువి. ఆ ఇరుకు కథకి కలిసొచ్చింది. అమెరికాలో న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో క్రిస్మస్‌కి వెయ్యాలనుకుని, పండగ పూట ఇంత చీకటి సినిమా ఏమిటని వెనక్కి తగ్గారు. తర్వాతి ఏళ్లలో టీవీలో ఏటేటా వేసేసరికి జనానికి దగ్గరైంది. రిచర్డ్ అడిన్‌సెల్ సంగీతంలో ‘బార్బరా ఆలెన్’ అనే పాత జానపద బాణీ ఉంది. దాన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో అవసరపడుతుంది.

ఏ కాపీ చూడాలన్నది ముఖ్యం, ఈ సినిమాకి మంచి కాపీ చెడ్డ కాపీ తేడా బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మొదటి నియమం, రంగులద్దిన కాపీ జోలికి పోవద్దు. 1980ల చివర్లో కంప్యూటర్‌తో రంగులు వేసిన కాపీ ఒకటి తిరుగుతోంది. ముఖాలన్నీ ఒకే గోధుమ రంగు, చీకటి ఉండాల్సిన చోట బూడిద నీలం. మెట్ల సీను, సమాధి సీను రెండూ చచ్చిపోతాయి. కొన్ని డిస్కుల్లో రంగుదీ నలుపు తెలుపుదీ రెండూ ఉంటాయి, మెనూలో చూసి ఎంచుకోవాలి. రెండోది తెర కొలత. అసలు సినిమా దాదాపు చదరంగా, 1.37:1లో తీసింది. టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి, వస్తేనే సరైనది. 16:9 నిండా వచ్చిందంటే పైనా కిందా కలిపి ఇంచుమించు పావు వంతు బొమ్మ కోసేశారని, లేదంటే సాగదీశారని అర్థం. ముఖాలు వెడల్పుగా కనిపిస్తే సాగదీసినట్టు. నుదుళ్లు తెగిపోతుంటే కోసినట్టు.

మూడోది నిడివి. 86 నిమిషాలు ఉండాలి. 82, 83 అని ఉంటే కంగారు పడక్కర్లేదు. యూరప్ టీవీ పద్ధతిలో సెకనుకి 24 ఫ్రేములకి బదులు 25 నడుస్తాయి కాబట్టి అంత తగ్గుతుంది, గొంతులు కొంచెం సన్నగా వినిపిస్తాయి. 80కి దిగువన ఉంటే మాత్రం కోతలు పడ్డట్టే. జోర్కిన్ ఉన్నాడా, స్క్రూజ్ వదులుకున్న ఆలిస్ నేటి క్రిస్మస్‌లో దిక్కులేని వాళ్లకి సేవ చేస్తూ కనిపించిందా అని చూసుకోండి. ఆ రెండూ లేకపోతే వేరే కాపీ వెతకండి. ఉచితంగా దొరికే చాలా కాపీల్లో చీకటి సీన్లు గళ్లు గళ్లుగా విరిగిపోతాయి. పరీక్ష సులువు. మెట్ల మీద స్క్రూజ్ కొవ్వొత్తితో ఎక్కేచోట ఆపి చూడండి. నీడలో రెయిలింగ్ పుల్లలు విడివిడిగా కనబడాలి. అంతా ఒకే నల్ల ముద్దగా ఉంటే ఆ ప్రింట్ పనికిరాదు. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసే సెట్టింగ్) ఆపెయ్యండి, ‘వివిడ్’ మోడ్ నుంచి ‘సినిమా’ మోడ్‌కి మార్చండి, గదిలో దీపాలు తగ్గించండి.

శబ్దం పాత మోనో. మాటలు వినబడడం లేదని వాల్యూం పెంచితే మార్లీ కేకకి ఇల్లు లేస్తుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మేలు. డిల్బర్ లండన్ యాస, మాటల వేగం ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకి కూడా మొదటిసారి జారిపోతాయి. స్క్రూజ్ ఊతపదం ‘హంబగ్’ అనే మాటకి తెలుగులో ‘వట్టి బూటకం’ దగ్గరగా ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పెద్దవాళ్లతో కూర్చుని చూడొచ్చు. అంతకన్నా చిన్నవాళ్లకి 1992లో మైకేల్ కేన్‌తో వచ్చిన మపెట్స్ అనే బొమ్మల సినిమా సరైనది, అందులోనూ డికెన్స్ మాటలు బాగానే ఉన్నాయి. పుస్తకానికి దగ్గరగా, కఠినమైన స్క్రూజ్ కావాలంటే 1984లో జార్జ్ సి. స్కాట్ చేసినది చూడండి. దాన్ని తీసిన క్లైవ్ డానర్ ఈ 1951 సినిమాకి ఎడిటర్. సిమ్, హోర్డర్న్ ఇద్దరూ 1971లో రిచర్డ్ విలియమ్స్ తీసిన పొట్టి యానిమేషన్‌లో తమ పాత్రలకే మళ్లీ గొంతు ఇచ్చారు, దానికి ఆస్కార్ వచ్చింది. అరగంట కూడా లేదు. దీని తర్వాత చూస్తే రెండు రకాల చీకటీ పోల్చుకోవచ్చు. మన ఊళ్లలో 24 రాత్రి ఆరాధనకి వెళ్లే ఇళ్లలో 8 గంటలకి మొదలుపెడితే తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది, బట్టలు మార్చుకుని గుడికి బయల్దేరొచ్చు.

చివరగా ఒక్క సీను మీద కన్నేసి ఉంచండి. స్క్రూజ్ మేనల్లుడి ఇంటికి వెళతాడు. తలుపు తీసిన పనమ్మాయికి టోపీ, కోటు ఇచ్చి, గది తలుపు దగ్గర ఆగిపోతాడు. లోపల పాట వినబడుతోంది, ‘బార్బరా ఆలెన్’. తలుపు పిడి మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తిరిగి ఆ పిల్ల వంక చూస్తాడు. ఆమె ఒక్క మాట అనదు. నవ్వుతూ తలూపుతుంది, వెళ్లండి అన్నట్టు. అతను ఇంకోసారి తటపటాయిస్తాడు. ఆమె ఇంకోసారి తలూపుతుంది. ఊరంతా ఎవర్ని చూసి వణికిందో ఆ మనిషికి ఒక పనిపిల్ల ధైర్యం చెబుతోంది. లోపలికి వెళ్లి, మేనల్లుడి భార్య ముందు నిలబడి, ఇన్నేళ్లూ చూడ్డానికి కళ్లూ వినడానికి చెవులూ లేని ఈ మొండి ముసలి మూర్ఖుణ్ణి మన్నించగలవా అమ్మా అని అడుగుతాడు. ఆమె లేచి వచ్చి ముద్దు పెట్టుకుంటుంది. గదిలో పోల్కా నాచ్ మొదలవుతుంది, స్క్రూజ్ ఆమెని పట్టుకుని డాన్స్ చేస్తాడు, అడుగులు తప్పుతూ.